కొయ్య చెయ్యి

మా మేనకోడలు కాలు కదపకుండా, నోరు విప్పకుండా ఒక మనిషి కుడిచేతి వేళ్ళు రెండు నరికేసింది.

సరే, రెండు కాదు, ఒకటిన్నర. నరికింది కూడా తను కాదు, కత్తి. కత్తిని దింపింది ఇంకో మనిషి. ఇలా ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ పోతే ఆ మొదటి వాక్యంలో చివరికి మిగిలేది నోరు విప్పకపోవడం ఒక్కటే. దాన్ని మాత్రం నేను వెనక్కి తీసుకోను.

ఆమె మా చెల్లెలి కూతురు. నలభై నాలుగేళ్ళు. మా ఇంట్లోనే కింది వాటాలో ఉంటుంది. ఆఫీసులో ఆమెని అందరూ చాదస్తం అంటారు. వెనకాల కాదు, ఎదురుగానే. "చాదస్తం వచ్చిందా?" అని ఒకరు అడిగితే "కిటికీ పక్కన చూడు" అని ఇంకొకరు చెబుతారు, ఆమె ఆ కిటికీ పక్కనే కూర్చుని వింటూ ఉండగా.

ఆ పేరు పెట్టినవాళ్ళని నేనేమీ తప్పు పట్టను. మందు సీసాతో వచ్చే కాగితాన్ని మడతలు విప్పి చివరి అక్షరం దాకా చదివే మనిషిని మీరు చూశారా? ఇస్త్రీ పెట్టె కొంటే దానితో వచ్చిన పుస్తకాన్ని నాలుగు భాషల్లోనూ చదివింది, ఒకదానికీ ఒకదానికీ తేడా ఉందేమోనని. ఉందట. ఒకసారి నాకు దగ్గుమందు పోస్తూ చెంచా గాల్లోనే ఆపి, "మావయ్యా, ఇది తాగాక లారీ నడపకూడదట" అంది. నాకు డెబ్భై తొమ్మిదేళ్ళు. లారీ ఎక్కడానికే ఇద్దరు పట్టుకోవాలి. "సరేలే, ఇవాళ్టికి మానేస్తాను" అన్నాను. అప్పుడుగాని చెంచా కిందికి దించలేదు.

ఆమె పనిచేసేది కాగితం కోసే యంత్రాల కంపెనీలో. అచ్చాఫీసుల్లో ఉండే యంత్రాలు. మంచమంత బల్ల, దాని మీద నిలువెత్తు కత్తి అడ్డంగా. ఐదొందల కాగితాల కట్టని బల్ల మీదికి తోసి మీటలు నొక్కితే వెన్న కోసినట్టు కోస్తుంది. కాగితానికీ చేతికీ తేడా కత్తికి తెలియదు. తెలియజెప్పడానికే లోపల ప్రోగ్రాము. చిన్న యంత్రానికైతే ఇనప మూత ఉంటుంది, మూత పడితేగాని కత్తి దిగదు, అక్కడ కాపలా మూతదే, ప్రోగ్రాముకి పని లేదు. పెద్ద యంత్రానికి మూత లేదు. దాని బదులు కత్తికి ముందు కంటికి కనపడని కాంతి కిరణాలు వరసగా ఉంటాయి. లైట్ కర్టెన్ అంటారు. వాటికి చెయ్యి అడ్డం వస్తే ప్రోగ్రాము కత్తిని గాల్లోనే ఆపేస్తుంది.

ఆగుతుందో లేదో చూడవలసినవాడు మేస్త్రీ. యంత్రాలు బిగించే మనిషి, అరవైకి దగ్గర పడినవాడు. ఆయన దగ్గర ఒక కొయ్య చెయ్యి ఉండేది. ఇరవై రెండేళ్ళ కిందట తనే చెక్కాడు, తన కుడిచేతిని బల్ల మీద ఆనించి చుట్టూ పెన్సిలుతో గీసుకుని మరీ. దానికో పాత తోలు తొడుగు. కొత్త ప్రోగ్రాము ఎప్పుడు యంత్రంలోకి ఎక్కించినా ముందు ఆ కొయ్య చెయ్యి కత్తి కింద పెట్టి మీటలు నొక్కించేవాడు. కత్తి ఆగితే, దాని అరచెయ్యి తట్టి మేకుకి తగిలించేవాడు. ఇరవై రెండేళ్ళలో దాని మీద గీత పడలేదు. పరీక్ష చేసేటప్పుడు కొయ్య చెయ్యి తప్ప ఇంకేదీ పెట్టకూడదన్న నియమం కంపెనీ పుస్తకంలో ఉంది. దాన్ని రాయించిందీ ఆయనే.

మా మేనకోడలి పని యంత్రాల దగ్గర కాదు, పై అంతస్తులో. పదిమంది రాసిన ప్రోగ్రాము ముక్కలన్నిటినీ కంపైలరుకి అప్పజెప్పి యంత్రంలోకి ఎక్కించే ఒకే ఒక్క ముద్దగా తేవడం. కంపైలర్ అంటే మనుషులు రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చేది. దానికి రెండే కూతలు. తప్పు కనపడితే ఆగిపోతుంది. అనుమానం కలిగితే మాత్రం ఒక వార్నింగ్ పడేసి తన దారిన తాను పోతుంది. ఇంట్లో మాలాంటి ముసలివాళ్ళ పద్ధతి. చెప్పాల్సింది చెప్పేశాం, వింటారా, మీ ఖర్మ. ఒక్కో రోజు నాలుగొందల వార్నింగులు వచ్చేవి. అన్నీ చదివేది చాదస్తం ఒక్కతే. చదివి ఊరుకోదు. ఎవరి ఫైల్లోంచి వచ్చిందో వాళ్ళకి రాసి పంపేది, వివరంగా, ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి.

ఇంతలో ఆఫీసులోకి తెలివి వచ్చాడు, అదీ ఆఫీసు పెట్టిన పేరే. ముప్ఫై రెండేళ్ళవాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం, కాకపోతే లెక్క ఎప్పుడూ ఒకటి తక్కువే. మేనేజరుకి అతనంటే ప్రాణం. వచ్చిన నెలకే, కంపైల్ అవడానికి నలభై నిమిషాలు ఎందుకు పడుతోంది, నాలుగు నిమిషాల్లో చేయిస్తానన్నాడు. చేయించాడు కూడా.

ఎలాగో చెప్పకపోతే కథ నడవదు. భయపడకండి, నాకే అర్థమైంది.

సీ అనే ప్రోగ్రాము భాషలో రాసేవాళ్ళు అంతా ఒకే చోట రాయరు. భద్రత సంగతులు ఒక ఫైల్లో, మీటల సంగతులు ఇంకో ఫైల్లో రాసి, కావలసిన చోట "ఆ ఫైలు ఇక్కడికి తే" అని ఒక వాక్యం పెడతారు. పాత పద్ధతిలో కంపైలర్ ఆ ఫైల్ని తెచ్చి సరిగ్గా ఆ వాక్యం ఉన్న చోటే అతికిస్తుంది. కాబట్టి ఆ వాక్యానికి పైన మీరేం రాస్తే అది కింద అతికినదానికి వర్తిస్తుంది. పైన "కర్టెన్ ఉంది" అని ఒక మాక్రో పెడితే, మాక్రో అంటే ఒక పేరూ దానికో విలువా అంతే, భద్రత ఫైలు కర్టెన్ ఉన్న పెద్ద యంత్రానికి తగినట్టు తయారవుతుంది. పెట్టకపోతే మూత ఉన్న చిన్న యంత్రానికి తగినట్టు, అంటే కిరణాల సంగతే పట్టించుకోకుండా. ఇది దర్జీని ఇంటికి పిలిచి కుట్టించుకోవడం లాంటిది. అతను కత్తెర తీసేలోపు "చేతులు పొట్టిగా" అని ఒక మాట అంటే చాలు. కాకపోతే ప్రతి చొక్కాకీ దర్జీ మళ్ళీ రావాలి, మళ్ళీ కొలవాలి. అందుకే నలభై నిమిషాలు.

కొత్త పద్ధతి పేరు మాడ్యూల్. ఆ భద్రత ఫైల్ని ఒక్కసారి విడిగా తయారుచేయించి అరలో పెట్టేస్తారు. ఎవరు అడిగినా ఆ తయారైనదే తీసిస్తారు. రెడీమేడ్ చొక్కా అన్నమాట. దాన్ని తొడుక్కుంటూ గుమ్మంలో నిలబడి "చేతులు పొట్టిగా" అని ఎంత అరిస్తే ఏం లాభం? ఆ మాటేదో కార్ఖానాకి ఆర్డరిచ్చేటప్పుడే చెప్పాలి. ఇక్కడ ఆర్డరంటే కమాండ్ లైన్, అంటే కంపైలర్ని పని మొదలుపెట్టమని పిలిచే మొట్టమొదటి వరస. ఆ వరసలో "కర్టెన్ ఉంది" అంటే కంపైలర్ కర్టెన్ ఉన్న మాడ్యూల్ని వేరేగా తయారుచేసి వేరే అరలో పెడుతుంది. అక్కడ అనకుండా ఫైల్లో అంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఇందులో దుర్మార్గం ఏమిటంటే, ఫైల్లో ఒక్క అక్షరం మారనక్కర్లేదు. "ఆ ఫైలు ఇక్కడికి తే" అన్న పాత వాక్యాన్నే కంపైలర్ "అరలోది తే" అని అర్థం చేసుకుంటుంది. పెద్ద యంత్రం ఫైల్లో "కర్టెన్ ఉంది" అన్న ముక్క పదకొండేళ్ళుగా ఎక్కడుందో అక్కడే ఉంది. చదివినవాడికి అంతా సవ్యమే. ఉన్న మాట ఉన్నట్టే ఉండి బలం మాత్రం పోయింది, ఉద్యోగం ఊడినాక కూడా గుమ్మం మీద మిగిలిపోయిన పేరు పలకలాగా.

తెలివి కంప్యూటర్లో మీట మాత్రం నొక్కాడు. చాకిరీ అంతా చాదస్తం చేత చేయించాడు. ఏ మాడ్యూల్లో ఏ ఫైళ్ళు ఉండాలో పట్టిక రాయడం ఆమె వంతు. రాస్తూ రాస్తూ ఆమె తన సహజగుణం కొద్దీ ఇంకో పని చేసింది. ఏ మాడ్యూల్ రూపం ఏ మాక్రోల మీద ఆధారపడుతుందో ఆ పట్టికలోనే ఒక జాబితా చేర్చవచ్చు. వాటిని కాన్ఫిగరేషన్ మాక్రోలంటారు. చేర్చాలన్న నిర్బంధం లేదు, చాలామంది చేర్చరు. ఆ జాబితా ఉంటేనే కంపైలర్ కనిపెట్టి, "నీ ఫైల్లో నువ్వు పెట్టిన ఈ అమరిక ఈ మాడ్యూల్ మీద ఏమీ పనిచేయదు, కమాండ్ లైన్లో చెప్పు" అని వార్నింగ్ ఇస్తుంది. లేకపోతే అది కూడా నోరు మూసుకుని పోతుంది. మా మేనకోడలు ఆ జాబితా రాసింది. అంటే ఆ వార్నింగుకి తల్లి ఆమే.

అంతటితో ఆగకుండా తెలివికి రెండు పేజీల ఉత్తరం కూడా రాసింది. ఇప్పుడు చిన్న యంత్రాలకి ఫరవాలేదు, పెద్ద యంత్రాన్ని కొత్త పద్ధతికి మార్చిన రోజున ఈ పేర్లు కమాండ్ లైన్లో చేర్చాలి, మరిచిపోవద్దు, అని. అతను చదవలేదు. కానీ పారేయలేదు. దాచాడు.

ఆమెకి ఆ ఉద్యోగంలో పదిహేనేళ్ళు నిండిన రోజున అందరినీ కింద పనిశాలలోకి పిలిచారు. కేకు తెచ్చారు. తెలివి లేచి మాట్లాడాడు.

"మేడమ్ మాకు పదిహేనేళ్ళలో రాసిన ఉత్తరాలన్నీ ప్రింటు తీయించాను. ఎనిమిది వందల పేజీలు వచ్చాయి."

"బైండింగ్ చేయించావా?" అన్నారెవరో.

"అంతకంటే మంచి పని చేయించాను."

అతను కనుసైగ చేశాడు. వెనక నిలబడ్డవాళ్ళు పెద్ద బుట్టెడు కాగితపు ముక్కలు ఆమె నెత్తిన కుమ్మరించారు. వేలిగోరంత ముక్కలు. పదిహేనేళ్ళ వార్నింగులు జుట్టులో, జాకెట్టులో, కేకు మీద. చప్పట్లు కొట్టారు. ఫొటో తీశారు. ఆ ఫొటోలో ఆమె నవ్వుతూనే ఉంది. నోట్లో ముక్క పడిందేమో, పెదవులు కొంచెం వంకరగా ఉన్నాయి.

నవ్వనివాడు మేస్త్రీ ఒక్కడే. అందరూ వెళ్ళాక చీపురు పట్టుకుని ఊడుస్తూ, మధ్యమధ్య ఆమె జుట్టులోంచి ముక్కలు ఏరాడు.

"ఇవి కోసింది నేనేనమ్మా. పనికిరాని కాగితాలు, చిన్నగా కొయ్యి అన్నారు. కోసేశాను. మీవని తెలియదు."

"ఫరవాలేదు మేస్త్రీ గారూ. సరిగ్గానే చెప్పారు మీకు."

ఒక ముక్క మీద ఏవో సగం అక్షరాలు కనపడితే ఆయన వెలుగుకి పెట్టి చూశాడు. "ఇదేదో కమాండ్ అని ఉంది. అవసరమేమో చూడండి."

"దేనికీ అక్కర్లేదు" అని ఆమె దాన్ని తీసుకుని పర్సులో పెట్టుకుంది.

మర్నాడు మేనేజరు పిలిచాడు. "మేడమ్, మీరంటే నాకు గౌరవం. నిన్నటిది సరదాకి. కానీ పిల్లలకి మీ ఉత్తరాలు బరువైపోతున్నాయి. ఇకమీదట వార్నింగుల గురించి ఎవరైనా అడిగితే చెప్పండి. అడక్కపోతే చెప్పకండి. రోజూ లాగ్ శుభ్రంగా ఉండాలి, వార్నింగులు కనపడకుండా ఆపేయండి."

"అన్నీనా అండీ?"

"అన్నీ."

"మీరిది రాసి పంపుతారా?"

"పంపుతాను. అదొకటి ఉంది కదా మీకు" అని నవ్వి, రాసి పంపాడు.

ఆమె ఆపేసింది. లాగ్, అంటే కంపైలర్ తన పని గురించి రాసే చిట్టా, కడిగిన పళ్ళెంలా వచ్చేది. కానీ తన కంప్యూటర్లో మాత్రం విడిగా, వార్నింగులన్నీ కనపడేలా ఇంకోసారి కంపైల్ చేసుకునేది. రోజూ పొద్దున్నే టీ తాగుతూ చదివేది. ఎవరికీ రాసేది కాదు. తాగుబోతు మానేశానని చెప్పి స్నానాలగదిలో సీసా దాచుకున్నట్టు.

రెండు నెలలు గడిచాయి. పెద్ద యంత్రం చూడడానికి నలుగురు కొనుగోలుదార్లు వస్తున్నారు. అప్పటిదాకా పెద్ద యంత్రం పాత పద్ధతిలోనే కంపైల్ అయ్యేది. అంతకు ముందు వారమే మేస్త్రీ కొయ్య చేతితో చూశాడు, కత్తి ఆగింది. కానీ వాళ్ళు వచ్చే రోజు పొద్దున్న మేనేజరుకి పెద్ద యంత్రం కూడా కొత్త పద్ధతిలోదే చూపించాలని బుద్ధి పుట్టింది. తెలివి సరేనన్నాడు. తొమ్మిదిన్నరకి కంప్యూటర్లో మీట నొక్కాడు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. లాగ్ ఖాళీ.

పదింటికి చాదస్తం తన టీ తాగింది. ఆ రోజు చదివిన వార్నింగుల్లో తను కన్నదీ ఉంది.

పదీ పావుకి నాకు ఫోను చేసింది. పదిహేనేళ్ళలో ఆఫీసు నుంచి ఆమె నాకు ఫోను చేయడం అదే మొదలు. "మావయ్యా, సాయంత్రం తొందరగా పడుకోకు. నీకో మంచి కథ చెబుతాను. నవ్వలేక చస్తావు."

ఆమె గొంతులో అంత ఉత్సాహం నేనెప్పుడూ వినలేదు. పాపం, ఆమె అనుకున్న కథ ఇది. మేస్త్రీ కొయ్య చెయ్యి పెడతాడు. తెలివి మీటలు నొక్కుతాడు. నలుగురు పెద్దమనుషుల కళ్ళ ముందు కత్తి ఆగకుండా దిగి కొయ్య వేళ్ళని ఎగరగొడుతుంది. తెలివి మొహం మాడిపోతుంది. మేనేజరు తనవైపు తిరిగి, "మేడమ్, ఏమైంది?" అని అడుగుతాడు. అడిగితే చెప్పవచ్చు కదా. అప్పుడు ఆ కాగితపు ముక్క పర్సులోంచి తీసి అతని చేతిలో పెడుతుంది. రెండు నెలలుగా దాచుకున్నది అందుకే.

పదకొండింటికి అందరూ కిందికి దిగారు. ఆమె అందరికంటే ముందు దిగి, యంత్రం బాగా కనపడే చోట నిలబడింది.

మేస్త్రీ మేకు వైపు చెయ్యి చాచాడు. మేకు ఖాళీగా ఉంది.

"నా చెయ్యేదీ?"

"భుజానికే ఉందిగా" అన్నాడు తెలివి. వచ్చినవాళ్ళు నవ్వారు.

"అది కాదు సార్, కొయ్యది."

"సొరుగులో పెట్టాను. ఇవాళ అది వద్దు మేస్త్రీ. మన యంత్రాన్ని మనమే నమ్మకపోతే వీళ్ళేం నమ్ముతారు? మీ చెయ్యే పెట్టండి. ఇరవై రెండేళ్ళలో ఆ కొయ్యదాని మీద ఒక్క గీతైనా పడిందా?"

"లేదు."

"మరింకేం."

మేస్త్రీ మేనేజరు వైపు చూశాడు. మేనేజరు గడియారం చూసుకున్నాడు. అప్పుడు మేస్త్రీ మా మేనకోడలి వైపు తిరిగాడు.

"అమ్మా, ఇవాళ్టిది మీరు చూశారుగా?"

గమనించండి. అడిగాడు. అడిగితే చెప్పవచ్చునని ఆజ్ఞలోనే ఉంది, రాతపూర్వకంగా. ఆమె నోరు తెరిచింది కూడా.

"చూడకుండా ఉంటారా?" అన్నాడు తెలివి. "చాదస్తం కళ్ళు కప్పి ఈగ కూడా వెళ్ళదు. ఏం మేడమ్, కొత్త ఉత్తరమేమన్నా ఉందా? బుట్ట తెప్పించనా?"

అందరూ మళ్ళీ నవ్వారు. వచ్చినవాళ్ళకి ఎందుకో తెలియకపోయినా నవ్వారు. ఆమె నోరు మూసుకుంది.

మేస్త్రీ ఆ మౌనాన్ని సరే అనుకున్నాడు. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, కొయ్య చేతిని పెట్టే చోటే, అదే పద్ధతిలో, వేళ్ళు దగ్గరగా కలిపి పెట్టాడు. ఆ యంత్రం రెండు మీటలు రెండు చేతులతో నొక్కితేగాని కదలదు. కాబట్టి తెలివి చేతులు రెండూ క్షేమం.

నలభై ఏళ్ళు యంత్రాలతో బతికిన మనిషి కాబట్టి కత్తి శబ్దంలో తేడా ఆయన చెవికి ముందే అందింది. లాక్కున్నాడు. అందుకే ఒకటిన్నర. కొత్తవాడైతే మణికట్టు దాకా పోయేది.

కొనుగోలుదార్లలో ఒకాయన రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని, కోత అంచు చాలా నున్నగా ఉందన్నాడట. ఇది నేను కల్పించానేమో కూడా. యంత్రాలు మాత్రం ఆరు కొన్నారు.

ఆ సాయంత్రం నేను మేలుకునే ఉన్నాను. ఆమె వచ్చి కింద పంపు తిప్పి చాలాసేపు చేతులు కడుక్కుంది. నేను మెట్ల మీదినుంచి, "ఏమే, కథన్నావు?" అన్నాను.

"ఏ కథా లేదు. పడుకో."

కంపెనీలో విచారణ జరిగింది. ముగ్గురు కూర్చుని అన్నీ తిరగేశారు. పెద్ద యంత్రం ఫైలు తీశారు, "కర్టెన్ ఉంది" అని స్పష్టంగా ఉంది, తప్పు లేదు. భద్రత ఫైలు తీశారు, దాని మటుకు అది సరిగ్గా ఉంది. లాగ్ తీశారు, ఖాళీ. మా మేనకోడల్ని పిలిచారు.

"ఆ రోజు వార్నింగ్ ఏదైనా వచ్చిందామ్మా?"

"లాగ్‌లో ఏమీ లేదండి."

అది అబద్ధం కాదు. నేను చదువుకున్న కాన్వెంటులో సిస్టర్లు అబద్ధానికీ, ఇలాంటి నిజానికీ ఒకే బెత్తం వాడేవారు. విచారణ చేసినవాళ్ళు కాన్వెంటులో చదివినట్టు లేదు. థాంక్స్ చెప్పి పంపించేశారు.

చివరికి నియమాల పుస్తకం తీశారు. పరీక్షకి కొయ్య చెయ్యి తప్ప ఇంకేదీ పెట్టరాదు. పెట్టిందెవరు? మేస్త్రీ. ఆ నియమం తెలియదనడానికి వీల్లేదు, ఆయన రాయించిందే. తప్పు తేలిపోయింది. ఆయన్ని ఇంటికి పంపేశారు.

తప్పు సరిచేయడానికి ఎంత పట్టిందనుకుంటున్నారు? వేళ్ళు తెగిన మర్నాడు పొద్దున్న ఆమె కమాండ్ లైన్లో ఒక్క మాట చేర్చింది. కంపైలర్ కిమ్మనకుండా కర్టెన్ ఉన్న మాడ్యూల్ని వేరేగా తయారుచేసి వేరే అరలో పెట్టింది. విడిగా చెయ్యమని దాన్ని ఎవరైనా అడిగారా అంటే, లేదు. మనుషుల్లాగా దానికి పట్టింపులు లేవు.

తెలివి ఆరు నెలలకి ఇంతకంటే పెద్ద కంపెనీకి వెళ్ళాడు. నలభై నిమిషాలని నాలుగు చేసినవాడని అక్కడ గొప్పగా చెప్పుకుంటున్నారట. మేనేజరు భద్రత కోసం ఒక విభాగం పెట్టి మా మేనకోడల్ని దాని మీద పెద్దగా వేశాడు. వార్నింగుల్ని నిర్లక్ష్యం చేయవద్దని గోడకి బొమ్మ అంటించారు. దాని మీద ఆమె ఫొటో, ఆ కాగితపు ముక్కల రోజు తీసిందే, ముక్కలు కనపడకుండా మొహం వరకూ కత్తిరించి. ఇప్పుడు ఆమెని ఎవరూ చాదస్తం అనరు. మేడమ్ అంటారు.

మేస్త్రీని చూడడానికి ఒకసారి నన్ను తోడు తీసుకెళ్ళింది. రెండు గదుల ఇల్లు. ఆయన ఎడంచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. మమ్మల్ని చూసి గబగబా లేవబోయి గుండీ తప్పాడు.

"కూర్చోండి మేస్త్రీ గారూ."

"మీరొస్తారని తెలుసమ్మా. మిగతావాళ్ళు రారని కూడా తెలుసు." తరవాత నావైపు తిరిగాడు. "అయ్యగారూ, మీ మేనకోడలి లాంటి మనిషి ఉండబట్టి ఇన్నేళ్ళు ధైర్యంగా చేశాను. తనకి కనపడి ఉంటే ఒక్క మాట అనకుండా ఊరుకునేదా? పాపం, తనకీ కనపడలేదు. ఏం చేస్తాం, కంపైలర్ అన్నది కూడా ఒక్కోసారి చెప్పదట కదా."

టీ తెచ్చిన ఆయన భార్య గ్లాసులు బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"కనపడలేదామ్మా?" అంది.

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"లేదండీ" అంది మా మేనకోడలు.

ఆవిడ మా మేనకోడలి ముందున్న, ఖాళీ చేయని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మేము లేస్తుంటే మేస్త్రీ అలమరలోంచి కొయ్య చెయ్యి తీసి మా మేనకోడలి చేతుల్లో పెట్టాడు. తోలు తొడుగు తీసేసి, నూనె రాసి తళతళలాడించాడు. ఐదు వేళ్ళూ ఉన్నాయి.

"కొత్తవాడికి ఇద్దామనుకున్నాను గానీ వాడు దీన్ని చూసి నవ్వుతాడు. మీ దగ్గర ఉంటేనే నాకు తృప్తి."

దారి పొడుగునా ఆమె దాన్ని బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుంది. పోయిన నెల నాకు మళ్ళీ దగ్గు పట్టుకుంది. కొత్త మందు తెచ్చింది. దానితో వచ్చిన కాగితాన్ని మడత విప్పకుండానే చెత్తబుట్టలో వేసి చెంచా నింపింది.

"ఏమే, ఇది తాగి లారీ నడపొచ్చా?" అన్నాను.

"నీ ఇష్టం" అంది.

అప్పుడే అనుకున్నాను, ఇది రాయాలని. రాసి, నిన్న పొద్దున్న ఆమె ఆఫీసుకి బయలుదేరే ముందు కింది వాటాకి వెళ్ళి మొత్తం చదివి వినిపించాను. టిఫిను డబ్బా మూత పెడుతూ నిలబడే విన్నది. ఎక్కడా అడ్డం రాలేదు. అయిపోయాక డబ్బా సంచీలో పెట్టుకుంది.

"కంపైలర్ గురించి రాసింది సరిగ్గానే ఉంది మావయ్యా. మిగతాదంతా అబద్ధం."

"ఏది అబద్ధమే?"

"అంతా. మా ఆఫీసులో మేస్త్రీ అన్న మనిషే లేడు. ఎవరి వేళ్ళూ తెగలేదు. నన్నెవరూ చాదస్తం అనలేదు. ఎవరి నెత్తినా ఎవరూ కాగితాలు పోయలేదు."

"మరి నాకు ఫోను చేశావే, కథ చెబుతానని?"

తలుపు పక్కన అర మీద నిలబెట్టిన కొయ్య చేతి బొటనవేలికి తగిలించిన తాళాలు తీసుకుంది. చెప్పులు వేసుకుంది.

"ఆ రోజు నేను నీకు ఫోను చెయ్యలేదు" అంది.